దిమ్మల వీధిలో ఒకే ఒక్క కుక్క

మానవజాతి మొదట నిప్పును కనిపెట్టింది. తర్వాత చక్రాన్ని కనిపెట్టింది. ఆ తర్వాత చాలాకాలం ఏం చెయ్యాలో తోచక ఊరుకుని, చివరికి ప్రమాదకర జాతి శునకాల గుర్తింపు, నమోదు, యజమాని బాధ్యతల విధానాన్ని కనిపెట్టింది. మొదటి రెండూ అనకాపల్లికి ఎప్పుడు చేరాయో ఎవరూ చెప్పలేరు. మూడోది మాత్రం మొన్న వానాకాలంలో, రెయిన్‌కోటు వేసుకుని, చేతిలో ట్యాబ్‌తో, స్కూటీ మీద వచ్చింది.

తెచ్చినవాడి పేరు ధనుంజయ్. శునక జవాబుదారీ విభాగంలో సహాయ పరిశీలకుడు. (ఆ విభాగం అంతకుముందు వేరే ఏదో విభాగం. ఏదన్నది అందులో పనిచేసేవాళ్ళకే గుర్తులేదు. గోడకి పాత బోర్డు తాలూకు మేకులు మాత్రం ఉన్నాయి.) మనిషి నెమ్మదస్తుడు, పనిమంతుడు, కుక్కలంటే చచ్చేంత భయం. ఉద్యోగానికి ఆ భయం అడ్డు రాలేదు. నిబంధనల ప్రకారం సర్వే అంతా గేటు బయట నిలబడే చెయ్యాలి మరి.

దిమ్మల వీధిలో అతను మొట్టమొదట నిలబడ్డ గేటు నాగూర్ మీరాది.

నాగూర్ మీరాకి స్టేషన్ దగ్గర ఆటోలకు సీట్లు కుట్టే దుకాణం ఉంది. ఇల్లు ఈ మధ్యే కొన్నాడు. ఇంటితో పాటు ఒక బావీ, ఒక జామచెట్టూ, గేటుకి వెల్డింగ్ చేసిన 'కుక్క ఉన్నది జాగ్రత్త' అనే ఇనప పలకా వచ్చాయి. ఆ కుక్క పాత యజమానితో పాటే విశాఖపట్నం వెళ్ళిపోయింది. పలక తీయాలంటే గేటు కొయ్యాలన్నాడు వెల్డరు. పైగా చీటీల ఏజెంట్లూ, ఓట్లడిగేవాళ్ళూ ఆ పలక చూసి బయటినుంచే దణ్ణం పెట్టి పోతున్నారని మీరా భార్య సబీహా దాన్ని ఉండనిచ్చింది.

ధనుంజయ్ పలక చదివి ట్యాబ్ తెరిచాడు.

"మీ కుక్కది ఏ జాతండీ?"

"మాకు కుక్క లేదు సార్."

ధనుంజయ్ మొహం జాలిగా మారింది. "అయ్యయ్యో. ఎప్పుడు పోయింది?"

"పోడం ఏటండీ? అసలు లేదు."

"మీ బాధ అర్థమైంది. కానీ పోయినట్టు పశువుల డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి కదండీ."

"ఉంటే కదా సార్ పోడానికి! పోలేదు."

"పోలేదా?"

"పోలేదు."

"మరి పోలేదంటే ఉన్నట్టే కదండీ" అని ధనుంజయ్ ఊపిరి పీల్చుకుని, 'ఉంది' అన్నచోట నొక్కాడు. తర్వాత ప్రశ్న జాతి. లేని కుక్కకి జాతేమిటని మీరా మళ్ళీ అడిగాడు. ధనుంజయ్ 'తెలియదు' అన్నది ఎంచుకోగానే ట్యాబ్ ఎర్రగా మారి బీప్‌మంది. తెలిసిన ప్రమాదం కంటే తెలియని ప్రమాదం పెద్దదన్న దూరదృష్టితో, జాతి తెలియని కుక్కలన్నిటినీ పై అధికారులు అత్యంత ప్రమాదకర తరగతిలో చేర్చారు. 

"మొరుగుతాదా?"

"మొరగదు."

"ఎవరికైనా కనిపిత్తాదా?"

"కనిపించదు."

'మాటువేసి కరిచే స్వభావం' అని ధనుంజయ్ జాగ్రత్తగా టైపు చేసి రెండడుగులు వెనక్కి జరిగాడు.

లోపలినుంచి సబీహా కేక వేసింది. "ఎవరండీ? ఏటంతన్నారు?"

"ఏం లేదే" అన్నాడు మీరా. "మనకి కుక్క పుట్టింది."

ఎదురిల్లు రామ్‌గోపాల్‌ది. బెల్లం మార్కెట్లో కమీషన్ వ్యాపారి. నవ్వు మొహం, చల్లటి మనిషి, వీధిలో ఎవరికి కష్టమొచ్చినా ముందు ఆయన కారే బయటికి వస్తుంది. ఆయన ఇంట్లో రాజాబాబు ఉన్నాడు. రాజాబాబు రాట్‌వైలర్ జాతివాడు. బెల్లం దిమ్మంత తల, ఆ తల మీద ముడతలు, ఆ ముడతల కింద ఎవర్నీ లెక్కచెయ్యని రెండు కళ్ళు. బెంగళూరు నుంచి ఏసీ కారులో వచ్చాడు. గొలుసంటే ఏమిటో తెలియకుండా పెరిగాడు. సాయంత్రం పూట ట్యూషన్‌కి వెళ్ళే పిల్లలు ఆ గేటు దగ్గరికి రాగానే సైకిళ్ళు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా దాటుతారు.

ఆ గేటు మీద ఇత్తడి అక్షరాలతో 'స్వాగతం' అని ఉంది. ధనుంజయ్ అది కూడా చదివాడు.

"మీ ఇంట్లో కుక్క ఉందాండీ?"

"కుక్కా?" రామ్‌గోపాల్ నిజంగానే నొచ్చుకున్నాడు. "ఏటి బాబూ అలాగంతావు? రాజాబాబు మా మూడోవోడు. ఆణ్ణి కుక్కంటే మా ఆవిడ అన్నం మానేత్తాది."

ధనుంజయ్ గేటు సందులోంచి చూశాడు. వరండాలో సోఫా మీద రాజాబాబు కాలు మీద కాలు వేసుకుని, ఫ్యాను కింద, పిస్తా ఐస్‌క్రీమ్ తింటున్నాడు. సర్వే నిబంధనల్లో ఒకటుంది: యజమాని ఇచ్చిన సమాచారమే తుది సమాచారం. (ఈ నిబంధన మీరా గేటు దగ్గర ఎందుకు గుర్తుకు రాలేదని ఎవరైనా అడగొచ్చు. ఎవరూ అడగలేదు.) 'కుక్క లేదు. కుటుంబ సభ్యులలో ఒకరు అదనం' అని నమోదైంది.

ఆ వారంలోనే మీరా గేటుకి ఎర్ర స్టిక్కర్ అంటించారు. బాధ్యత గల యజమానుల శిక్షణకు రమ్మని కబురొచ్చింది. వెళ్ళకపోతే కొళాయి కనెక్షన్ కట్ చేస్తారన్నారు కాబట్టి మీరా దుకాణం మూసి వెళ్ళాడు. మైదానంలో తక్కినవాళ్ళ కుక్కలు ఒకదాని మీద ఒకటి పడి కాట్లాడుకున్నాయి. ఒకటి శిక్షకుడి టోపీ నమిలేసింది. మీరా ఒక్కడే ఎండలో తిన్నగా నిలబడ్డాడు. చివర్లో శిక్షకుడు అందరికీ అతన్ని చూపించి, "చూడండి, కుక్కని పెంచడమంటే అలాగుండాలి. ఉన్నట్టే తెలీదు" అని చప్పట్లు కొట్టించాడు. మీరాకి కాస్త గర్వంగా అనిపించిన మాట కూడా నిజమే. ఇంటికొచ్చి ఆ సంగతి సబీహాకి చెప్పలేదు.

అది జరిగిన కొద్ది రోజులకే, పొద్దున్న దుకాణానికి బయల్దేరిన మీరాకి ఎదురింటి గేటు వారగా తెరిచి కనిపించింది. రాజాబాబు పరిగెత్తలేదు. మొరగలేదు. తీరిగ్గా రోడ్డు దాటి వచ్చి, మీరా ఎడమ కాలి పిక్కను నోట్లోకి తీసుకున్నాడు.

మీరా పెట్టిన కేకకి రామ్‌గోపాల్ బనీనుతో పరిగెత్తుకొచ్చాడు. "రాజాబాబూ! తప్పు నాన్నా! మీరా మావ కాదేటి!" అని, తర్వాత మీరా వైపు తిరిగి, "ఏటీ సెయ్యడు బావా, నువ్వు బయపడకు. ఆడుకుంతన్నాడు" అన్నాడు. అప్పటికింకా పిక్క రాజాబాబు నోట్లోనే ఉంది.

ఆసుపత్రికి తీసుకెళ్ళింది రామ్‌గోపాలే. నెత్తురు అంటకుండా సీటు మీద తువ్వాలు పరిచి, దారిపొడుగునా "నొప్పిగుందా బావా?" అని అడుగుతూనే ఉన్నాడు. మీరాని దింపి, కారు పెట్టి వస్తానని వెళ్ళాడు.

"పెంపుడు కుక్కా, వీధి కుక్కా?" అంది ఇంజెక్షన్లిచ్చే సిస్టర్.

"పెంపుడుదే సిస్టర్. దిమ్మల వీధి. మా ఎదురింటి రాజాబాబు."

"మనిషి కరిసేడా?"

"కాదు, కుక్కే. పేరలా పెట్టుకున్నారు."

సిస్టర్ కంప్యూటర్లో చూసింది. "దిమ్మల వీధిలో కుక్క ఒక్కటే ఉందండీ. నాగూర్ మీరా అనే ఆయనది. ఎవరాయన?"

"నేనే."

సిస్టర్ అతన్ని చాలా ఓదార్పుగా చూసింది. "దాంట్లో సిగ్గుపడ్డానికేటుందండీ? సొంత కుక్క కరిసిందని సెప్పుకోలేక పక్కింటోళ్ళ పేరు సెప్పేవోళ్ళని రోజూ సూత్తాం. సరే, ఇంటికెళ్ళి దాన్ని కనిపెట్టి ఉండండి. తేడాగా కనిపిత్తే సెప్పండి."

"అది కనిపించదు సిస్టర్."

"సూసేరా? అదే తేడా" అని ఆమె సూది ఎక్కించింది.

ఆ సాయంత్రం మీరా కుంటుకుంటూ రామ్‌గోపాల్ ఇంటికెళ్ళాడు. గేటు బయటే ఆగాడు. "బావా, నాకేటీ వద్దు. మందులకీ వద్దు, దేనికీ వద్దు. ఆణ్ణి కట్టేసి ఉంచు, అంతే. నేను కాబట్టి పిక్కతో పోయింది. అదే ట్యూషన్ పిల్లలైతే మొహం అందుతాది."

రామ్‌గోపాల్ కళ్ళు చెమర్చాయి. "నువ్వన్నది రైటే బావా. కానీ కట్టేత్తే ఆడు మనసు కష్టపెట్టుకుంతాడు. మొన్నోసారి తలుపేసినందుకే పూటంతా నాతో మాటాడలేదు."

మీరా ఇక విభాగానికి ఫిర్యాదు పెట్టాడు. విచారణకి పిలుపు వచ్చింది. ప్రధాన శునక విచారణాధికారి భీమశంకరరావు నిష్పక్షపాతానికి పేరున్న మనిషి. గదిలో ఫిర్యాదుదారుకి ఒక కుర్చీ, నిందితుడికి ఒక కుర్చీ వేయించాడు. రికార్డు ప్రకారం కరవబడినవాడూ, కరిచిన కుక్క యజమానీ ఒక్కరే కాబట్టి మీరాని ముందు ఇందులో, తర్వాత అందులో కూర్చోమన్నాడు. మొదటి కుర్చీలో మీరా తనకి జరిగింది చెప్పాడు. రెండో కుర్చీలోకి మారాక, "ఈ ఆరోపణకి మీ సమాధానం?" అన్నాడు భీమశంకరరావు.

"ఆయన చెప్పింది నిజమే సార్" అన్నాడు మీరా.

"అయితే ఒప్పుకున్నట్టే" అని ఆయన రాసుకున్నాడు.

సాక్షిగా రామ్‌గోపాల్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మీరా ఆశగా చూశాడు. ఒక్క మాట. నా కుక్కే కరిచిందండీ అని ఒక్క మాట అంటే చాలు. రామ్‌గోపాల్ గొంతు సవరించుకున్నాడు, కిటికీ వైపు చూశాడు, చేతిగుడ్డతో మెడ తుడుచుకున్నాడు.

"మీరా బావ లాంటి మంచోడు మా వీదిలోనే లేడండి" అన్నాడు చివరికి. "ఆ కుక్కొక్కదాన్నే అదుపులో ఎట్టుకోలేకపోతన్నాడు."

మీరా తల దించుకుని కట్టు కట్టిన కాలు చూసుకున్నాడు. బయట ఆటోస్టాండులో ఎవరో ప్యాసింజర్ కోసం అరుస్తున్నారు. మీరాకి కోపం రావాల్సినంత రాలేదు. రామ్‌గోపాల్ అబద్ధం చెబుతున్నట్టు కూడా లేడు, నిజంగానే జాలిపడుతున్నాడు. అదే మింగుడుపడలేదు.

ఉత్తర్వు అక్కడికక్కడే వెలువడింది. కుక్కను హాజరుపరచనందున ప్రభుత్వ ఖర్చుతో ఒక గొలుసూ, ఒక మూతి బుట్టా మంజూరు చేయడమైనది. కుక్క ఎక్కడ ఎదురుపడినా వెంటనే కట్టివేయుటకు వీలుగా యజమాని ఇల్లు కదిలినప్పుడల్లా వాటిని చేతబట్టుకుని తిరగవలెను.

మీరా తిరిగాడు. ఖాళీ గొలుసు పట్టుకుని మనిషి వస్తుంటే ఎవరికైనా ఒక్కటే అర్థమవుతుంది: కుక్క తెంచుకుంది. టీ కొట్టు దగ్గరి జనం బల్లలెక్కారు. మందుల షాపు షట్టరు దిగింది. మొదట్లో మీరా ఆగి అందరికీ వివరంగా చెప్పేవాడు. మాకు కుక్క లేదండీ, అనేవాడు. ఆ మాట వినగానే జనం ఇంకా వేగంగా పరిగెత్తేవారు. కొన్నాళ్ళకి చెప్పడం మానేశాడు. సబీహా మాత్రం ఆ గొలుసు పట్టుకుని చేపల బజారుకి వెళ్ళి, జనం చీలిపోయి దారివ్వగా, అందరికంటే ముందు మంచి వంజరం ఏరి తెచ్చింది. "పారేయకండి, పనికొత్తంది" అంది.

ఇలా ఉండగా, ఉత్తర్వు అమలవుతోందో లేదో చూడ్డానికి ధనుంజయ్ వచ్చాడు. స్కూటీ స్టాండు వేసి తలెత్తేసరికి మీరా ఇంట్లోంచి బయటికి వస్తున్నాడు. చేతిలో గొలుసు. గొలుసు చివర ఏమీ లేదు.

ధనుంజయ్ ఒక్క క్షణం ఆ ఖాళీ చివర వైపు చూశాడు. మాటువేసి కరిచే స్వభావం అని టైపు చేసింది అతనే. ట్యాబ్ కింద పడేసి, వీధిలో కుక్క లేదని తనకు రూఢిగా తెలిసిన ఇంటివైపు పరుగు తీశాడు.

"అటు కాదు సార్!" మీరా కుంటుకుంటూ వెంటపడ్డాడు. చేతిలో గొలుసు గలగలమంది. "సార్! అటెల్లకండి! ఇటొచ్చేయండి!"

గొలుసు చప్పుడు వినేసరికి ధనుంజయ్ ఇంకా పుంజుకున్నాడు. స్వాగతం అన్న గేటు తోసుకుని లోపల పడి, గడియ వేసుకుని, దానికి వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

కాసేపటికి లోపలినుంచి రామ్‌గోపాల్ గొంతు వినిపించింది. "ఏటీ సెయ్యడండీ! కదలకండంతే! ఏటీ సెయ్యడు!"

తర్వాతి ఇంజెక్షన్‌కి మీరా ఆసుపత్రికి వెళ్ళేసరికి వరుసలో అతనికి ముందు ధనుంజయ్ ఉన్నాడు. అందరూ కూర్చున్న బల్ల మీద అతనొక్కడూ కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మోచేతి దగ్గర్నుంచి వేళ్ళ దాకా కట్టు. మీరాని చూసి నవ్వబోయి మానేశాడు.

"ఎవరి కుక్కండీ?" అంది సిస్టర్.

ధనుంజయ్ లెక్క వేసుకున్నాడు. రాజాబాబు అనాలంటే రాజాబాబు కుక్కని అనాలి. కుక్కంటే, ఆ ఇంట్లో కుక్క లేదని రాసిందెవరో చెప్పాలి. విచారణా ఉత్తర్వూ, మీరా రెండు కుర్చీలూ, పైకి వెళ్ళిన నివేదికలూ అన్నీ వెనక్కి రప్పించాలి. వాటన్నిటికీ మూలమైన సర్వే మీద సంతకం తనదే. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. అతను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు, పంకా వైపు చూశాడు, చివరికి బాగున్న చేతి వేలితో పక్కకి చూపించాడు.

"ఈయనగారిదే సిస్టర్."

సిస్టర్ మీరా వైపు చూసింది. బల్ల మీది వాళ్ళంతా చూశారు. ఎవరో పిల్లాణ్ణి దగ్గరికి లాక్కున్నారు.

మీరా బల్ల మీంచి లేచి నిలబడ్డాడు. ధనుంజయ్ చేతి వైపు చూశాడు. వేలు ఇంకా తన వైపే ఉంది.

"తప్పయిపోయింది సార్" అన్నాడు. "ఇకనుంచి కట్టేసి ఉంచుతాను."

ధనుంజయ్ పెద్దమనసుతో క్షమించాడు.