టీవీలో మంద

సెలక్షన్ రోజు పొద్దున సుస్మిత ఆలోచన చిన్నదే. ఒక్కసారి గేమ్ ఆడి, మనసు కుదుటపరచుకుని, కల్వకుర్తి నుంచి మహబూబ్‌నగర్ బస్సెక్కాలి. విలువిద్యలో ఆమెకు ఊళ్లో సాటి లేదు గానీ, నలుగురూ చూస్తుంటే గుండె దడదడలాడి బాణం దారి తప్పుతుంది. అందుకే కోచ్ ఆ గేమ్ ఇచ్చాడు. చెయ్యి ఊపితే టీవీలో గొర్రెలు వంతెన మీద నడుస్తాయి. ఛాతీకి కట్టుకున్న పట్టీ గుండె వేగం చూస్తుంది. గుండె అదిరితే వంతెన ఊగి, గొర్రెలు వెనక్కి పరుగెడతాయి. ఆమె మంద ఇంతవరకూ అవతలి ఒడ్డు చూడలేదు.

చాయ్ తాగుతున్న తాత బీరప్పకు అది చూసి మనసాగలేదు. మోకాళ్లు మొరాయించి మందను అమ్మేసినప్పటి నుంచి గొర్రె కనబడితే చాలు, ఆయనకు కళ్లు చెమ్మగిల్లుతాయి.

"జరుగు బిడ్డా! గొర్లను తోలుడు గట్లనా?"

"బస్సుకు టైమైతాంది తాతా!"

వినలేదు. చేతులు చాచి, వెనక్కి తిరిగిన వాటిని మళ్లేస్తూ మందను నడిపాడు. అన్నీ దాటాయి, ఒక్క గొర్రెపిల్ల తప్ప. వంతెన ఊగుతూనే ఉంది. బీరప్ప పాత అలవాటుగా గొంతెత్తి అదిలించాడు. ఆ కేక విని, ఒకప్పుడు ఆయనతో మంద కాసిన పక్కింటి బాలయ్య కర్రతో ఉరికొచ్చాడు.

"తోడేలొచ్చిందా బీరన్నా?"

వెనకాలే బాలయ్య భార్య గోపమ్మ గొర్రెలకు ఇష్టమైన తుమ్మకాయలు ఒడినిండా పట్టుకొచ్చి, టీవీ ముందు ఊపింది. ఇన్ని చేతులు చూసి గేమ్‌కు మతిపోయింది. దాటిన గొర్రెలన్నీ తుమ్మకాయల కోసమన్నట్టు తిరిగొచ్చాయి.

"బస్సు పోయింది తాతా. ఇగ ఇడిసిపెట్టు," సుస్మితకు ఏడుపొచ్చింది.

"మందను ఇడిసి ఎట్ల లేస్త బిడ్డా?"

ముసలాయన గుండె అదరడం వల్లే వంతెన ఊగుతోందనుకుంది సుస్మిత. ఆయన పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"ఎండకాలం మందతోని నల్లమలకు వలస పోయినప్పుడు నన్నెట్ల పండవెట్టేటోనివి తాతా?"

బీరప్ప గొంతు మెత్తబడింది. "గొంగడిల సుట్టి మంద నడుమ పండవెడ్తుంటి. గొర్లు ఊపిరి తీస్తుంటే నువ్వు సుత గట్లనే మెల్లగ తీస్తుంటివి."

ఆ ఉన్ని వాసన, ఆ వెచ్చదనం ఆమెకు గుర్తొచ్చాయి. ఆ రోజులు మళ్లీ కావాలనిపించింది. కళ్లు మూసుకుంది. తెరిచేసరికి వంతెన కదలకుండా ఉంది. తాత చెయ్యి వెంట మందంతా దాటుతోంది, చివరన ఆ పిల్లతో సహా.

"బీరన్న గుండె బండరాయి!" అన్నాడు బాలయ్య.

పట్టీ విప్పుదామని తాత అంగీ తడిమింది సుస్మిత. అక్కడేమీ లేదు. పట్టీ పొద్దుటి నుంచీ ఆమె ఒంటిమీదే ఉంది.

ఆ వీధిలోని నాగేందర్ ఆటోలో పడి మహబూబ్‌నగర్ వెళ్లి, తన పేరు పిలుస్తుండగా చేరింది. జనం అరుస్తుంటే ఒక్క ఊపిరి మెల్లగా తీసి బాణం వదిలింది. సెలక్టయింది.

మర్నాడు గేమ్ తీసుకుపోవడానికి కోచ్ ఇంటికొచ్చాడు. మంద వలస పోయిందనీ, వానలు పడ్డాక రమ్మనీ బీరప్ప గడపలోంచే చెప్పి ఆయన్ని తిప్పి పంపాడు.