ఇల్లు లేని వీధి

ఎండ ముదరకముందే కాలువగట్టు వీధి సర్వే ముగించి, మధ్యాహ్నం బస్సుకి అన్నవరం వెళ్లాలన్నది రమాదేవి టీచరు ఏర్పాటు. మర్నాడు అత్తగారితో కలిసి వ్రతం. ఊళ్లో జనం ఎంత పెరిగారు, ఇళ్లు ఎన్ని లేచాయి, ఎవరి ఆదాయం ఎంత అన్నవి అడిగి ట్యాబులో ఎక్కించడమే పని. ఒక్క వీధే కదా, ఎంతసేపు!

మొదటి ఇంటి అరుగు మీద రత్నమాణిక్యం చింతపండు ఈనెలు తీస్తోంది. రెండంతస్తుల ఇల్లు, కింద అద్దెకిచ్చిన మందుల షాపు.

"ఇంట్లో ఎంతమందండి?"

"తక్కువ చెప్తే మంచిదా, ఎక్కువ చెప్తే మంచిదా పంతులమ్మగారూ?"

"ఉన్నది చెప్పండి."

"ఉన్నది చెప్తే మాకేంటండి లాభం?"

ఇల్లు సొంతమా అంటే అదే వరస, ఆదాయమెంతంటే అదే వరస. రమాదేవికి ఒళ్లు మండింది. "పోనీ, ఇల్లే లేదని రాసుకోమంటారా?"

రత్నమాణిక్యం మొహం వెలిగిపోయింది. "అలాక్కూడా రాస్తారా అండీ? రాసేయండి!"

టీచరు నోరు తెరిచేలోపే పెరటి గోడ మీదుగా కబురు పక్కింట్లో పడింది: ఇల్లు లేదంటే గవర్నమెంటు స్థలమిస్తుందట. ఇక ఏ గుమ్మంలోనూ ఇల్లుగలవాళ్లు దొరకలేదు. ఒకాయన ఏసీ మీద దుప్పటి కప్పాడు. ఒకావిడ తన ఇంటికి తానే చుట్టపుచూపుగా వచ్చానంది. చెప్పింది చెప్పినట్టు ఎక్కించాలన్నది రూలు. రమాదేవి పళ్లు కొరుకుతూ ఎక్కించింది.

వీధి చివర మూడంతస్తుల మేడ రొయ్యల చెరువుల ఆసామి పల్లంరాజుది. "మేడ మా బావమరిదిదండి, నేనేదో ఉంటున్నానంతే. ఆదాయమా? ఎక్కడిదండీ! రొయ్యలన్నీ రోగమొచ్చి చచ్చాయి."

ఆ చివరి మాట అనకుండా ఉంటే సరిపోయేది. చెరువులో రొయ్యల పట్టుబడి ఆ రోజే. రేటు మాట్లాడదామని వచ్చిన, సరుకు కొనే ఏజెంటు సాల్మన్ అప్పుడే గేటు దగ్గర బండి దిగాడు. విన్నాడు. "ఐసు వ్యాను వెనక్కి తిప్పేయండి, రోగం సరుకంట," అని ఫోన్లో చెప్పి మళ్లీ బండెక్కాడు.

"ఓరి సాల్మనూ, ఆగవయ్యా!" పల్లంరాజు లుంగీ ఎగ్గట్టి పరిగెత్తాడు. "రొయ్యలు బ్రహ్మాండంగా ఉన్నాయి! అది సర్వేకి చెప్పిన మాట!"

"సర్వేకొకటీ నాకొకటీనా అండీ? టీచరుగారి ట్యాబులో ఏముంటే అదే నమ్ముతాను."

పల్లంరాజు వెనక్కొచ్చి చేతులు జోడించాడు. "అమ్మా, మార్చి రాయండి! మేడ నాదే! చెరువులు నావే! ఆదాయం బోల్డంత!"

గుమ్మాల్లోంచి వీధంతా చూసింది. పల్లంరాజంతటివాడు ఎక్కువ రాయమని బతిమాలుతున్నాడంటే ఎక్కువలోనే ఏదో ఉంది! క్షణంలో రమాదేవి చుట్టూ జనం మూగారు. చుట్టపుచూపావిడకి ఇల్లు గుర్తొచ్చింది. దుప్పటాయన ఒక ఏసీ రెండు చేశాడు. రత్నమాణిక్యం చింతపండు చేతులతోనే ట్యాబు పట్టుకుంది. "నాకు మూడంతస్తులని రాయండి. పైది రేపోమాపో వేస్తాను, ఆయ్!"

ప్రతి ఇల్లూ మళ్లీ మొదటి నుంచి. పల్లంరాజు రొయ్యలు సాల్మన్ వ్యానెక్కాయి. అన్నవరం బస్సూ వెళ్లిపోయింది. రేపు తెల్లవారుజాము బస్సుకి వస్తానని రమాదేవి అత్తగారికి ఫోన్లో చెప్పుకుంది.

సాయంత్రం సూపర్‌వైజరు జ్ఞానప్రకాశం ఫోన్ చేశాడు. తిట్లు తినడానికి సిద్ధపడే ఎత్తింది.

"పొద్దున్న ఎక్కించినవీ, మార్చినవీ రెండూ వచ్చాయండి. పైవాళ్లు చూశారు. రేపు మిమ్మల్ని మీటింగుకి రమ్మంటున్నారు."

"మెమోనా అండీ?"

"మెమో ఏంటండి, శాలువా కప్పుతారంట! ఒక్క పూటలో వీధి వీధంతా పేదరికం దాటేసింది కదండీ. ఊళ్లో మిగిలిన వీధులన్నీ కూడా మీకే ఇమ్మన్నారు."