బొత్తాల డబ్బా ఎక్కిన మెట్లు

అక్షరాలు నా దగ్గరికి చాలా ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవి కూడా కుంటుకుంటూ వచ్చాయి. ఎక్కడైనా ఒత్తు తప్పినా, దీర్ఘం జారినా మీరే సర్దుకుని చదవండి. నేను మెల్లగా రాస్తాను. ఇది ఒక అద్దె మేడలో ఓ అక్కకూ చెల్లెలికీ మధ్య జరిగిన, మెట్లెక్కే కథ కాబట్టి తొందరేమీ లేదు.

ఒక సోమవారం పొద్దున అక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. స్కూలు యూనిఫారాలకు కాజాలు పూర్తిచేసి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలి. కుట్టుమిషను ముందు కూర్చుని కూర్చుని ఆమె నడుముకు మిషను వంపే వచ్చేసింది. భర్త విదేశంలో ఓడల రేవులో వెల్డింగు పని చేస్తాడు. అతను పంపేదీ ఈమె కుట్టేదీ కలిసి ఎటు పోతున్నాయో ఆ మేడలో ఎవరికీ తెలియదు. అవి హాస్టల్లో ఉండి పరిశోధన చేస్తున్న చెల్లెలి చదువులోకి పోతున్నాయి. ఆ సంగతి చెల్లెలికి కూడా పూర్తిగా తెలియదు. బావ పెద్ద జీతగాడని, అక్క కాలక్షేపానికి కుడుతోందని ఆ పిల్ల నమ్మకం. అలా నమ్మించింది అక్కే.

సరిగ్గా సూదిలో దారం ఎక్కే సమయానికి చెల్లెలు సంచుల కట్టతో దిగబడింది.

"అక్కా, ఈ వారం మీ మేడంతా నా పరిశోధనే!"

"మేడ చేసిన పాపమేమిటే?"

"వినవే ముందు. విదేశంలో సంపాదించే మనిషి ఉన్న ఇంటివాళ్లు ఏం కొంటారు, లేనివాళ్లు ఏం కొంటారు, చదువుకున్నవాళ్లు ఏం కొంటారు, అదీ నా విషయం. నోటితో అడిగితే జనం అబద్ధాలు చెబుతారు. చెత్త అబద్ధం చెప్పదు. వారం రోజులు ఖాళీ కవర్లు, డబ్బాలు, సీసాలు ఈ సంచిలో వెయ్యాలి. నేను వచ్చి లెక్క రాసుకుంటాను, అంతే. ఫారిన్ మనిషి ఉన్న ఇంటికి నీలం సంచి, లేని ఇంటికి పసుపు సంచి."

"మరి గేటు దగ్గర చెత్తడబ్బా?"

"ఈ వారానికి తీయించేశాను. అది ఉంటే సగం అందులోకి పోతుంది."

చెల్లెలు మాటల్లో హుషారుంది గానీ కళ్ల కింద నలుపు కూడా ఉంది. గైడుగారు ఇప్పటికే రెండుసార్లు గడువు పొడిగించారట. ఈసారి లెక్కలు తేకపోతే ఇంక తన దగ్గరికి రానక్కర్లేదన్నారట. డిగ్రీ చేతికొస్తే ఒక కాలేజీలో ఉద్యోగం సిద్ధంగా ఉంది, రాకపోతే ఇన్నేళ్ల చదువూ గోడకు కొట్టిన సున్నమే. అక్క నీలం సంచి అందుకుని తలుపు వెనక మేకుకు తగిలించింది. అయిపోయింది కదా అనుకుంది.

గురువారం నాడు రెండో అంతస్తు వదిన కుట్టించుకున్న గౌను పట్టుకుపోవడానికి వచ్చి, గౌను సంగతి మరిచిపోయి సంచిలోకి తొంగిచూసింది. ఈ వదినకు ఎవరింటికి వెళ్లినా ముందు తెరిచి ఉన్నదాంట్లోకి చూడడం అలవాటు.

"ఇదేమిటి వదినా? టీ పొట్లం, ఉప్పు పొట్లం, సగం ధర స్టిక్కరున్న బ్రెడ్డు కవర్లు! మీ ఆయన ఫారిన్లో ఉన్నది ఇందుకా? రేపు యూనివర్సిటీలో అందరిముందూ మీ చెల్లెలు ఇవి చదువుతుంది. 'మా అక్క చవక బ్రెడ్డు తింటుంది' అని."

"నా పేరు రాయదులే."

"పేరు రాయదు. కళ్లతో చూస్తుందిగా!"

ఆ మాట అక్క గుండెలో సూదిలా దిగి అక్కడే ఉండిపోయింది. నిజమే, లెక్క రాసేది చెల్లెలే. తన ఫీజులు ఎక్కడినుంచి వస్తున్నాయో ఆ బ్రెడ్డు కవర్లు చూసిన క్షణాన తెలిసిపోతుంది. తెలిస్తే చదువు మానేసి ఏ దుకాణంలోనో పనికి చేరుతుంది. ఆ పిల్ల తత్వం అక్కకు తెలుసు.

వదిన వెళ్లాక అక్క అలమర తెరిచింది. భర్త మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు తెచ్చిన విదేశీ బిస్కెట్ల రేకు డబ్బా అందులో ఉంది. మూత మీద మంచుకొండ, కొండ కింద గుర్రబ్బండి. ఏళ్ల తరబడి అది బొత్తాల డబ్బా. బొత్తాలను ప్రెషర్ కుక్కర్లో ఒంపి, డబ్బాను చీర కొంగుతో తుడిచి సంచిలో వేసింది. దానికి తోడుగా పాత సెంటు సీసా ఒకటి. టీ, ఉప్పు, బ్రెడ్డు కవర్లన్నీ తీసి ఉండచుట్టి, చెత్తడబ్బా లేదు కనుక ఎక్కడ పడెయ్యాలో తెలియక మెట్లు దిగింది. కింద వాటా నర్సమ్మ ఒంటరి మనిషి, హాస్పిటల్లో వరస డ్యూటీలతో ఆమె తలుపుకు ఎప్పుడూ తాళమే. పసుపు సంచి గుమ్మం బయటే కొక్కేనికి వేలాడుతోంది. అక్క అటూ ఇటూ చూసి కవర్లు అందులో కుక్కి గబగబా పైకొచ్చేసింది.

సంచి అప్పటికే సగం నిండి ఉందన్న సంగతి ఆమె గమనించలేదు. దొంగతనం చేసేవాళ్లకు పక్క దొంగలు కనపడరు కదా.

మరుసటి సోమవారం చెల్లెలు వసూలు మొదలుపెట్టింది, రోజుకో అంతస్తు. మొదటి అంతస్తులో అక్క సంచి బోర్లించగానే చెల్లెలి మొహం వెలిగింది.

"అబ్బో! ఈ బిస్కెట్లు ఎప్పుడు తిన్నావే? నాకొక్కటైనా పెట్టలేదేం?"

"నువ్వు హాస్టల్లో ఉంటావుగా. మెత్తబడిపోతాయని తినేశాను."

"డబ్బా మొత్తం ఒక్కదానివే తిన్నావా?"

"ఆకలేసింది."

చెల్లెలు లెక్క రాసుకుని, ఆ ఖాళీవన్నీ పాత సామాన్లవాడి కోసం మెట్ల కింద గోనెలో పడేసి వెళ్లింది. ఆమె గేటు దాటీ దాటగానే రెండో అంతస్తు వదిన మెట్ల కింద దూరింది. మర్నాడు వదిన పసుపు సంచిలోంచి గుర్రబ్బండి డబ్బా బయటపడింది. "మా మరిది ఫారిన్ వెళ్దామనుకుంటున్నాడు. అనుకోవడం కూడా లెక్కలోకి వస్తుందేమో చూడమ్మా, మాకూ నీలం సంచే ఇయ్యి," అని కూడా అడిగింది.

ఆ డబ్బా మళ్లీ గోనెలోకి, గోనెలోంచి మూడో అంతస్తు గార్డు తాతయ్య సంచిలోకి చేరింది. రైల్వేలో రిటైరైన ఈ తాతయ్యకు గడ్డం బొడ్డు దాకా ఉంటుంది. ఆయన సంచిలో డబ్బాతో పాటు ఖరీదైన షేవింగు క్రీము గొట్టాలు కూడా ఉన్నాయి. చెల్లెలు గడ్డం వంక చూసింది.

"ప్రయత్నిస్తూనే ఉన్నానమ్మా," అన్నాడాయన నీరసంగా.

ఆ లెక్కలు చూసి గైడుగారు కుర్చీలోంచి లేచారు. రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి, ఏళ్లుగా ఏ పరిశోధనకూ లేవనివాడు, లేచారు. చదువుతో, సంపాదనతో సంబంధం లేకుండా ప్రతి అంతస్తులోనూ ఒకే విదేశీ బిస్కెట్టు! ఇలాంటి మేడ ప్రపంచంలో ఎక్కడా దొరకలేదు, తానే స్వయంగా చూస్తానన్నారు. అలా గురువారం, చివరి అంతస్తు వసూలు రోజున, మెట్ల దగ్గర అందరూ పోగయ్యారు.

చివరి అంతస్తులో ఉండేది మేడ ఓనరుగారు. ఆయన సంచి ఆయనే మోసుకుంటూ దిగి, అందరూ చూసేలా డబ్బా తీసి గైడుగారి చేతిలో పెట్టాడు.

"మా అల్లుడు పంపించాడండీ. నిన్న రాత్రే ఖాళీ చేశాం. భలే కరకరలాడాయి."

"అద్భుతం!" అన్నారు గైడుగారు. "ఈ మేడ కొనుగోలు శక్తి చూస్తుంటే నాకు మాటలు రావడం లేదండీ. వీళ్లంతా మామూలు ఉద్యోగులా!"

ఓనరుగారి కనుబొమలు పైకి లేచాయి. ఆయన తన డబ్బా సంగతి మరిచి అందరి డబ్బాల సంగతి ఆలోచించాడు.

"ఇంత తింటున్నారా వీళ్లు? నేనేమో పాపం పేదవాళ్లని పాత అద్దెలే తీసుకుంటున్నాను. వచ్చే నెలనుంచి అందరికీ పెంచుతున్నానమ్మా. ఫారిన్ బిస్కెట్లు తినేవాళ్లకు అదెంత!"

అక్క మనసులోనే లెక్క వేసుకుంది. నోరు విప్పితే చెల్లెలి డిగ్రీ పోతుంది. విప్పకపోతే అద్దె పెరుగుతుంది, పెరిగిన అద్దె ఫీజులోంచే పోవాలి. ఏ వైపు కత్తిరించినా గుడ్డ చాలదు. పోనీ, రాత్రిళ్లు ఇంకో నాలుగు గౌన్లు కుట్టుకుందాంలే అనుకుని నోరు కుట్టేసుకుంది.

నోరు లేనిది మాట్లాడింది. గైడుగారు డబ్బాను ఆడించి చూశారు. గలగలమంది. మూత తీసి బోర్లిస్తే, మడతలో ఇరుక్కున్న టిచ్ బటన్ ఒకటి ఆయన అరచేతిలో పడింది.

"బిస్కెట్లలో ఇదేమిటి?"

"ఫారిన్ వాళ్లు డబ్బాకొకటి బహుమతిగా వేస్తారేమోనండీ," అంది అక్క.

ఆ మాటతో రెండో అంతస్తు వదినకు ఒళ్లు మండింది. అద్దె మాట విన్నప్పటినుంచి ఆమె ఉడుకుతూనే ఉంది. "బహుమతా? అది నీ బొత్తాల డబ్బా కాదూ! నీ అలమరలో నేను రోజూ చూడటంలా? నేనే కదా మెట్ల కింద గోనెలోంచి..." అని, ఠక్కున ఆగిపోయింది.

"నువ్వు తీశావా?" అన్నాడు గార్డు తాతయ్య. "నేను నీ తర్వాత తీశానమ్మా. నాకంటే ముందు ఎవరూ తీయలేదనుకుని సిగ్గుతో చచ్చాను."

అందరి చూపులూ ఓనరుగారి మీదికి మళ్లాయి.

"నిన్న రాత్రే తిన్నారా అండీ?" అన్నాడు తాతయ్య. "కరకరలాడింది బటనేమో, పన్ను చూసుకోండి."

ఓనరుగారు పై అంతస్తులో ఏదో పని గుర్తొచ్చినవాడిలా పైకి చూశాడు. అద్దె మాట ఆ తర్వాత ఎవరూ ఆయన నోటి వెంట వినలేదు.

నవ్వనిది చెల్లెలొక్కతే. చేతిలో కాగితాలు పట్టుకుని మెట్టు మీద కూలబడింది. "అయితే నా లెక్కంతా ఒక్క డబ్బాయేనా అక్కా? నాలుగంతస్తులకీ?"

అప్పుడే గేటు తోసుకుని నర్సమ్మ వచ్చింది. వరసగా డ్యూటీలు చేసి చేసి నిలబడే నిద్రపోయేలా ఉంది. తన గుమ్మం వైపు చూసి ఆగింది.

"ఎవరండీ ఈ పని చేసింది? వారం పైనుంచీ నేను హాస్పిటల్ క్యాంటీన్లోనే తింటున్నాను. ఈ సంచిలో నేను ఒక్క కాగితమైనా వెయ్యలేదు. తాళం వేసిన ఇల్లు కనపడితే చెత్తకుప్ప చేస్తారా?"

ఎవరి కాలివేళ్లు వాళ్లకు చాలా ఆసక్తిగా కనిపించాయి. గైడుగారు మాత్రం తలెత్తారు. ఆ సంచి లెక్క పొద్దుననే చూసి, ఒంటరి మనిషి ఇన్ని టీ పొట్లాలు వాడడం అసంభవమని ఆయనే కొట్టేయించారు. ఇప్పుడు ఆయనే దాన్ని కొక్కెం నుంచి తీసి నేల మీద బోర్లించారు. టీ, ఉప్పు, చవక సబ్బు కాగితాలు, సగం ధర బ్రెడ్డు. తాతయ్య మాత్రల పట్టీలు. వదినగారి అరువు సరుకుల కవర్లు. అడుగున ఓనరుగారి నాసిరకం బీడీ కట్టలు కూడా.

"అమ్మాయ్," అన్నారు గైడుగారు, "లోకానికి చూపించాలనుకున్నది వీళ్లు తమ సంచుల్లో వేశారు. నిజంగా కొన్నది దీంట్లో వేశారు. ఇన్నేళ్లలో నాకు రెండూ పక్కపక్కన ఎప్పుడూ దొరకలేదు. దీని గురించే రాయి. ఇంకోసారి పొడిగింపు ఇస్తాను, అడక్కుండానే."

చెల్లెలు వినలేదు. ఆమె బ్రెడ్డు కవర్లను ఒక్కొక్కటీ ఏరుతోంది. ప్రతి కవరూ అంచు మీద పళ్లు పళ్లుగా కత్తిరించి ఉంది. అలా కత్తిరించే జిగ్‌జాగ్ కత్తెర ఆ మేడలో ఒక్క మనిషి దగ్గరే ఉంది.

"అక్కా, వారమంతా ఇదేనా తిన్నది?"

"రోజూ ఇదే అయితే విసుగొస్తుందనే, ఒకరోజు కాల్చుకుని తిన్నా, ఒకరోజు కాల్చకుండా."

చెల్లెలు ఏడవబోయి, అందరూ ఉన్నారని, మెట్ల మీదే అక్క భుజానికి తల ఆనించింది. "ఉద్యోగం వచ్చాక నువ్వు యూనిఫారాలు ముట్టుకున్నావంటే చూడు," అంది. "అలాగేలే, ముందు రానీ," అంది అక్క. నడుము ఇంకా నొప్పిగానే ఉంది గానీ, దాచిపెట్టాల్సిన బరువొకటి మాత్రం తగ్గింది.

డిగ్రీ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. పాత డబ్బా యూనివర్సిటీ అద్దాల బీరువాలో రుజువుగా ఉండిపోయింది. దాని బదులు చెల్లెలు మొదటి జీతంతో అచ్చం అలాంటి కొత్త బిస్కెట్ల డబ్బానే కొని తెచ్చింది.

బిస్కెట్ల రుచి ఎలా ఉందో ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు; బొత్తాలు మాత్రం కుక్కర్ ఖాళీ చేశాయి.

ఇట్లు,
అందరూ చిన్నమ్మమ్మ అని పిలిచే నేను, వయసు డెబ్బై రెండు. ఇప్పుడు మనవరాలి ఇంట్లో, వంటగదికి ఆనుకున్న చిన్న గదిలో ఉంటున్నాను.