నాలుగో అంతస్తు వాళ్ళకి మంచి పేరు

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా సులువైనది. పదకొండింటికి దత్తత కార్యాలయం నుంచి అధికారిణి ఇల్లు చూడ్డానికి వస్తుంది, పన్నెండున్నరకి వెళ్ళిపోతుంది. ఆవిడ వచ్చి వెళ్ళిన సంగతి ఆ భవనంలో నరమానవుడికి తెలియకూడదు.

"ఎవరి కంటా పడకుండా తిన్నగా మన గుమ్మంలో దింపుతాను, చూస్తూ ఉండు," అన్నాడు భర్త, ఇస్త్రీ చొక్కాకి బొత్తాలు పెట్టుకుంటూ. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఆ భవనంలో లిఫ్టు బాగోగులు కూడా ఆయనవే. "లిఫ్టుకి 'మరమ్మతులో ఉంది' అని బోర్డు తగిలిస్తా. ఇంకెవరూ ఎక్కరు. నేను కింద లోపలే కూచుంటా. ఆవిడ రాగానే ఎక్కించుకుని, మధ్యలో ఎక్కడా ఆపకుండా పైకి తెచ్చేస్తా."

భార్య వినలేదు. చిన్న గదిలో చిన్న మంచం మీద దుప్పటిని మూడోసారి మడత పెడుతోంది. వినుంటే ఒక ప్రశ్న వేసి ఉండేది. అది వేసే మనిషి లేకపోవడం వల్లే ఈ కథ ఇంత దూరం వచ్చింది.

ఇంత గుట్టు ఎందుకంటే, మూడేళ్ళ కిందట భార్య నెల తప్పిందని తెలిసిన రోజే ఇద్దరూ మెట్లు దిగి ఇంటింటికీ చెప్పొచ్చారు. రెండు నెలలు తిరక్కుండానే, ఆ కబురు ఇక లేదని చెప్పడానికి మళ్ళీ అవే మెట్లు దిగాల్సి వచ్చింది. గుమ్మానికో ఓదార్పు. ఆ తర్వాత డాక్టర్లు కూడా చేతులెత్తేశారు. అప్పట్నుంచీ ఆవిడ ఎవరింటికీ పోలేదు, పిల్లలున్న ఇళ్ళకైతే అసలే పోలేదు. ఈసారి బిడ్డ చేతికొచ్చేదాకా నోరు విప్పకూడదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. దరఖాస్తు చివర భర్త గుండ్రటి అక్షరాలతో రాశాడు కూడా: "దయచేసి ఇరుగుపొరుగు వారికి విషయం తెలియనివ్వవద్దు." ఆ అధికారిణి మాట మీద నిలబడే మనిషి. చిక్కంతా అక్కడే వచ్చింది.

బస్సు తొందరగా దొరికి ఆవిడ ఇరవై నిమిషాలు ముందే వచ్చింది. లిఫ్టు దగ్గర బోర్డు చదివింది. మోకాళ్ళని ఓసారి తడుముకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. బోర్డుకి అవతల, తలుపులు మూసుకుని, ఫ్యాను కింద స్టూలేసుకుని, "నమస్కారం మేడమ్, రండి రండి" అన్న ముక్కని రకరకాల గొంతుల్లో వల్లె వేసుకుంటున్న మెకానిక్కుకి ఆవిడ అడుగుల చప్పుడు వినపడలేదు.

మొదటి అంతస్తులోనే ఆయాసం వచ్చింది. అక్కడ వాకిట్లో పేపరు చదువుకుంటున్న మాస్టారు లేచి కుర్చీ వేశారు. ఉద్యోగం విరమించాక బళ్ళో చేయలేని పెత్తనాన్ని భవన సంఘం కార్యదర్శిగా చేస్తున్న పెద్దమనిషి ఆయన.

"ఎవరి కోసమమ్మా?"

"నాలుగో అంతస్తు వాళ్ళ గురించి. చిన్న విచారణ. అంతకుమించి చెప్పకూడదండి."

మాస్టారికి చెప్పనక్కర్లేదు, ఆయనకన్నీ తెలుసు. నాలుగో అంతస్తు అద్దె ఒప్పందం వచ్చే నెలతో అయిపోతుంది. ఇంటి ఓనరు మనిషిని పంపించాడన్నమాట! పాపం, మంచి కుర్రాడు, ఖాళీ చేయించేస్తారేమో. మాస్టారు నడుం బిగించారు.

"బంగారంలాంటి మనుషులమ్మా. ఉన్నట్టే తెలీదు. పిల్లల గోల అసలు పడదు. మేడ మీద పిల్లలు ఆడుతుంటే తాళం వేయించింది ఆ అబ్బాయే!"

మేడ మీద లిఫ్టు యంత్రం ఉంది, పిల్లలు దాంట్లో చేతులు పెడతారని ఆయన తాళం వేయించాడు. ఆ ముక్క మాస్టారికి గుర్తు రాలేదు. అధికారిణి నోట్‌బుక్కులో రాసుకుంది.

ఆవిడ లేచి రెండో అంతస్తు చేరేలోగా మాస్టారు మూడో అంతస్తులోని టైలరమ్మకి ఫోన్ కొట్టారు. "ఓనరు తరఫు మనిషి వస్తోంది. పైవాళ్ళ గురించి గట్టిగా చెప్పు!"

టైలరమ్మ కుట్టు మిషను ఆపి, అధికారిణికి మంచినీళ్ళిచ్చి మరీ గట్టిగా చెప్పింది. "పిల్లలు గోడల మీద గీస్తారు, తలుపులు బాదుతారు. వాళ్ళింట్లో ఆ బెడదే లేదండీ! ఇక ముందూ ఉండదు, ఆ భరోసా నాది. పాప పుట్టినరోజుకి పిలిస్తే కూడా రారు. మా పాపకి ఐదేళ్ళు, ఇంతవరకూ వాళ్ళ గుమ్మం తొక్కి ఎరగదు."

అధికారిణి ఇంకో పేజీ తిప్పింది.

సరిగ్గా పదకొండింటికి మెకానిక్కు లిఫ్టు తలుపు తీశాడు. బయట అధికారిణి లేదు, మాస్టారున్నారు.

"నువ్వు ఇందులో ఉన్నావా! నీ గురించి ఎంత బాగా చెప్పానోయ్ ఆవిడకి. పిల్లల పొడ గిట్టదని చెప్పా. ఇక ఇల్లు నీదే!"

మెకానిక్కు స్టూలు తన్నుకుంటూ బయటికొచ్చాడు. ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్న మాట, రెండు ముక్కల్లో కక్కేశాడు. మాస్టారు "ముందే చెప్పి ఏడవొద్దూ!" అని మెట్లెక్కేశారు, వెనకే మెకానిక్కు పరిగెత్తాడు. దారిలో టైలరమ్మని కూడా లాక్కుపోయారు. లిఫ్టు పనిచేస్తోందన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

పైన భార్య చిన్న గది చూపిస్తోంది. మాస్టారు గుమ్మంలోంచే అరిచారు.

"పిల్లలంటే ప్రాణం వీళ్ళకి! పొద్దస్తమానం ఈ ఇంటి నిండా పిల్లలే!"

"గోడలు గీసినా ఏమీ అనరు!" అంది టైలరమ్మ.

"ఇందాక వేరేగా చెప్పారు కదమ్మా," అంది అధికారిణి.

"అప్పుడు మీరెవరో తెలీదు కదండీ! ఇప్పుడు చెబుతున్నది నిజం."

భార్య ఒక్కొక్కరి మొహమే చూసింది. జరిగింది అర్థమయ్యాక మంచం అంచున కూలబడింది.

"వద్దు మాస్టారూ. మీరు మొదట చెప్పిందే నిజం. పిలిచినా నేను వెళ్ళలేదు. పిల్లల్ని చూస్తే ఏడుపొస్తుందని తలుపేసుకున్నాను. ఒక రోజనుకుంటే మూడేళ్ళయింది." ఆవిడకి నిజంగానే సిగ్గేసింది. ఇన్నాళ్ళూ తన దుఃఖం తనదే అనుకుంది. కింది అంతస్తుల్లో దాన్ని చిరాకు అనుకుంటున్నారని ఇవాళే తెలిసింది.

అధికారిణి నోట్‌బుక్కు మూసింది. "వాళ్ళ మాటల వల్ల మీకొచ్చిన నష్టం లేదమ్మా. నాకు అడ్డుపడుతున్నది మీ దరఖాస్తులో ఆఖరి వాక్యం. రేపు బిడ్డ చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతుంటే, ఎవరీ పాప అని అడుగుతారు. అప్పుడు కూడా తెలియనివ్వొద్దంటారా? దాచుకోవడానికి పిల్లల్ని ఇవ్వలేం. మూడు నెలల తర్వాత మళ్ళీ వస్తాను. ఈలోగా తలుపు తీసి పెట్టుకోండి."

ఆవిడ వెళ్ళాక మాస్టారు తలవంచుకుని, "ఒక్క మాట చెప్పుంటే ఎంత బాగా అబద్ధమాడేవాణ్ణి," అని గొణిగారు. భర్త మూడు నెలలంటే ఎంతో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు.

బడి వదిలే వేళకి భార్య మొహం కడుక్కుని, ఒక్క అంతస్తు దిగి, టైలరమ్మ తలుపు తట్టింది. ఐదేళ్ళ పాప తలుపు తీసింది. ఆవిడ వంగి, నవ్వడానికి ప్రయత్నించి, "ఏం చేస్తున్నావమ్మా?" అంది.

పాప బిక్కమొహం పెట్టి, చేతులు కట్టుకుని, రెండడుగులు వెనక్కి వేసింది.

"అమ్మా! పై ఆంటీ వచ్చింది! నేను గెంతలేదమ్మా, ఒట్టు, కూచునే ఉన్నాను!"

మూడు నెలల గడువులో మొదటి రోజు అలా గడిచింది.