రోగుల సంపూర్ణ సహకారంతో

మహమ్మారి మళ్లీ వస్తే డయాలసిస్‌కి అదనపు మిషన్లు కావాలట! ఎందుకండీ? నేను లేనూ!

పోయినసారి ఏం జరిగింది? వైరస్ సోకినవాళ్లలో చాలామందికి కిడ్నీలూ చెడ్డాయి. మా వార్డు మిషన్లు, నర్సులు ఐసీయూకి తరలిపోయారు. వారానికి మూడుసార్లు నా రక్తం కడిగేవాళ్లు రెండుసార్లతో సరిపెట్టారు. ఆసుపత్రి నివేదిక దీనికి పెట్టిన పేరు ‘రోగుల సంపూర్ణ సహకారం’. చదవగానే నా ఛాతీ ఉప్పొంగింది. కాళ్లు అంతకుముందే ఉప్పొంగాయి లెండి.

లాభాలు చూడండి! మా ఆవిడ బతికున్నంతకాలం నాచేత టీ మాన్పించలేకపోయింది. ఈ కోత వారంలో మాన్పించింది. తాగిన నీళ్లు నా ఒంట్లోంచి బయటికి పోయే దారి మిషనొక్కటే మరి! నాలుక పిడచకట్టి నా ఉపన్యాసాలు ఆగిపోయాయి. ఇరుగుపొరుగు ఎంత సుఖపడ్డారో! చెప్పులు పాదాలకెక్కక ఇంటిపట్టునే ఉన్నాను. చెప్పుల ఆయుష్షు పెరిగింది. స్నానం చేస్తూ నోరు మూసుకుని ఉండటం కంటే గొప్ప తపస్సేముంది? ఒకసారి తపోభంగమై రెండు గుక్కలు లోపలికి దిగాయి. ఆ విషయం డాక్టరుకి చెప్పకండి.

వార్డులో నా పక్క కుర్చీ దర్జీ చెల్లెమ్మ మాత్రం సరిగా సహకరించలేదు. ఊపిరాడక ఎమర్జెన్సీలో చేరింది. తిరిగొచ్చాక నా మీద విరుచుకుపడింది.

“అన్నయ్యగారూ, ఎవరేమన్నా మీరలా తలూపేయకండి. మళ్లీ కోత పెడితే నేను మిగలను.”

“ఛ, అవేం మాటలమ్మా!”

“గుడ్డ చాలకపోతే ఇంకాస్త తెప్పిస్తాంగానీ, తొడుక్కునే మనిషిని కత్తిరిస్తామా?”

మొన్న కొత్త ప్రణాళిక మీటింగుకి నన్ను ఆదర్శ రోగి హోదాలో పిలిచారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వెళ్లాను. అదనపు మిషన్లు, వాటిని నడిపే నర్సులు అన్న పేజీ రాగానే పెద్ద డాక్టరు నావైపు తిరిగి, “ఇది అవసరమంటారా? మనవాళ్లు సర్దుకుపోతారు. ఏం మాస్టారూ?” అన్నాడు.

తల దానంతటదే ఊగబోయింది. చెల్లెమ్మ గుర్తొచ్చి, బలవంతాన నిలబెట్టాను. అందరి ముందూ చల్లటి నీళ్ల సీసాలు. మాటకీ మాటకీ మధ్య ఆలోచించకుండా గటగటా తాగేస్తున్నారు.

“తప్పకుండా సర్దుకుపోతామండీ,” అన్నాను. “తమరూ కాస్త సహకరించాలి. ప్రణాళిక పూర్తయ్యేదాకా ఈ హాల్లో మనిషికి సీసా మూతెడు నీళ్లే.”

అందరూ నవ్వారు. పెద్ద డాక్టరూ నవ్వుతూనే సీసా కోసం చెయ్యి చాచాడు. నేను నవ్వకుండా చూస్తున్నాను. చెయ్యి దారిలోనే ఆగింది.

“ఇంతకీ,” అన్నాడు గొంతు సవరించుకుని, “ఎన్ని మిషన్లు కావాలన్నారూ?”