తోసే బండికి కొత్త కార్బురేటరు

ఆ శుక్రవారం పొద్దున్నకి సుబ్రహ్మణ్యేశ్వరరావు పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. కాఫీ తాగాలి, బండి స్టార్టు చెయ్యాలి, వీరాయమ్మగారి పూజ అయ్యేలోగా కాలవ అవతల వాళ్ళ గుమ్మంలో ఉండాలి. ఇందులో బండి స్టార్టు చెయ్యడం ఒక్కటే ఇన్నేళ్ళుగా అతని చేతిలో లేని పని.

ఊళ్ళో అందరూ ఈశ్వర్రావుగారనే పిలిచే అతనిది అంబాజీపేట దగ్గర కొబ్బరి వ్యాపారం. తోటలు మాట్లాడుకుని, మనుషుల్ని చెట్లెక్కించి కాయల దింపులు తీయిస్తాడు. బండి మాత్రం వాళ్ళ నాన్న మద్రాసులో ఎవరో దొరగారి సామాను వేలంలో కొనుక్కొచ్చిన ఇంగ్లీషు మోటారుసైకిలు. ట్రయల్స్ బండి అంటారట దాన్ని. రాళ్ళగుట్టల మీద కాలు కింద పెట్టకుండా నడిపే పోటీల కోసం చేసింది. వెనక సీటుండదు, సైలెన్సరు నడుమెత్తున పైకి తిరిగి ఉంటుంది. కోనసీమలో రాయి కావాలంటే లారీ మీద రావాలి. అయినా మూరెడు గట్టు మీద మనిషి నడిచినంత నెమ్మదిగా, చెట్టుచెట్టుకీ గెలలు చూసుకుంటూ పోవడానికి దాన్ని మించింది లేదు.

దానికున్న జబ్బల్లా పొద్దున్నే ఇంటిదగ్గర లేవకపోవడం. అమలాపురంలోనూ, రాజోలులోనూ ఒక్క కిక్కుకే లేచేది. సొంత గుమ్మంలో మాత్రం ఎంత తన్నినా ఉలికేది కాదు, పలికేది కాదు. చెమటలు కక్కాక ఈశ్వర్రావు, "ఎర్రయ్యా, ఓ చెయ్యెయ్యవయ్యా!" అని కేకేసేవాడు. ఎదురుగా టీకొట్టు ఎర్రయ్య లుంగీ ఎగ్గట్టుకుని వచ్చేవాడు. పక్కింటి రత్నం మాస్టారు, రిటైరైనా క్రమశిక్షణ వదలని మనిషి, కండువా సర్దుకుని వచ్చేవారు. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు కిందపెట్టి వచ్చేవారు. అందరూ కలిసి వంతెనదాకా తోస్తే ఢామ్మని పేలి బండి లేచేది. ఆ వీధికి తెల్లారడమంటే అదే. తోయడానికి రాకపోవడం ఎంత అమర్యాదో, వచ్చినవాళ్ళని వద్దనడం అంతకంటే అమర్యాద.

అయితే ఆ తోపుడు వల్ల ఈశ్వర్రావుకి కొంప మునిగే రోజు వచ్చింది. వీరాయమ్మగారి కొబ్బరితోట ఒకప్పుడు ఈశ్వర్రావు వాళ్ళదే. ప్రతి చెట్టూ నాన్న నాటింది. నాన్న జబ్బుకి తోట అమ్ముకున్నా, దింపు మాత్రం అప్పటినుంచీ వీళ్ళే తీయిస్తున్నారు. ఏడాదికి కొన్నిసార్లయినా ఆ చెట్ల కింద నిలబడితే ఈశ్వర్రావుకి నాన్న పక్కన నిలబడ్డట్టుండేది. ఈమధ్య చెప్పిన వేళకి వెళ్ళలేక వరసగా మాట పోగొట్టుకున్నాడు. వీరాయమ్మగారు విసిగిపోయి, "శుక్రవారం పూజయ్యేలోగా రా నాయనా. లేకపోతే లోవరాజుకిచ్చేస్తాను" అంది. లోవరాజు కూడా కొబ్బరి వ్యాపారే. కొత్త స్కూటరుంది. దానికి తోసేవాళ్ళు అక్కర్లేదు.

అందుకని ఈశ్వర్రావు గురువారం అమలాపురం వెళ్ళి, మెకానిక్ రాంబాబు చేత పాత కార్బురేటరు పీకించి, అంతకంటే పెద్దది కొత్తది వేయించాడు. "ఇంక ఎవరి చెయ్యీ పడక్కర్లేదండి" అని రాంబాబు హామీ ఇచ్చాడు. కొత్త వస్తువు మంచులో తడవకూడదని ఆ రాత్రి బండిని వీధిలో వదలకుండా వసారాలోకి ఎక్కించి గ్రిల్లుకి తాళం వేశాడు.

శుక్రవారం బండి బయటికి రాగానే, అలవాటు ప్రకారం ఎర్రయ్య లుంగీ ఎగ్గట్టాడు. మాస్టారు కండువా సర్దుకున్నారు. కొట్టు దగ్గర బల్ల మీద, తన దారిలో టీ కోసం ఆగిన లోవరాజు కూడా ఉన్నాడు. ఈశ్వర్రావు ఒక్క కిక్కు కొట్టాడు. బండి లేవడమే కాదు, ముందుకు దూకింది కూడా. వెళ్ళొస్తానని చెబుదామని ఒక చెయ్యెత్తాడు, అంతలో బండి అదుపు తప్పబోతే ఆ చేతిని విసురుగా వెనక్కి లాక్కున్నాడు. ఆ ఊపు చూసినవాళ్ళకి మాత్రం "పొండి, మీ చెయ్యక్కర్లేదు" అన్నట్టే కనిపించింది.

వంతెన దాటాక గానీ ఈశ్వర్రావుకి తాంబూలం సంచి మర్చిపోయిన సంగతి గుర్తురాలేదు. తోట మాట్లాడుకోవడానికి వట్టి చేతులతో వెళ్ళడం బాగుండదు. వేళ బోలెడుందన్న ధీమాతో వెనక్కి తిరిగాడు. వచ్చేసరికి అతని వసారాలో రత్నం మాస్టారు, ఎర్రయ్య తలలు వంచుకుని కూర్చుని ఉన్నారు. భార్య సత్యదుర్గ అందరికీ కాఫీలిస్తోంది. ఎవరి మొహంలోనూ నెత్తుటి చుక్క లేదు.

"ఏమైందండీ మాస్టారూ?" అన్నాడు ఈశ్వర్రావు గాభరాగా.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "మీకు కోపం రావడం న్యాయమేనండి. నాకు నడుంనొప్పి. ఇన్నాళ్ళూ నేను చెయ్యి ఆనించి నడిచేను గానీ, బండిని ఒక్కనాడూ తొయ్యలేదు. మీకు ఇవాళ తెలిసిపోయిందని గ్రహించేను."

"అబ్బే, నాకేం తెలీదండీ..."

"మీ పెద్దమనసు కొద్దీ అలా అంటున్నారు" అని మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. అంతటి మనిషి కళ్ళు తుడుచుకుంటుంటే, నాకు పనుంది లేవండి అని ఏ నోటితో అంటాం? ఈశ్వర్రావు కూర్చున్నాడు.

అప్పుడు ఎర్రయ్య నేలమీదికి దిగి గొంతుక్కూర్చున్నాడు. "పీచు పెట్టింది నేనేనండి."

"ఏం పీచయ్యా?"

"కొబ్బరి పీచేనండి. రోజూ తెల్లారగట్ట మీ బండి సైలెన్సర్లో ఓ ముద్ద కుక్కేవోణ్ణండి. కిక్కుకి లేచేది కాదండి. తోస్తే ఢామ్మని ఊడొచ్చేదండి. నిన్న మీరు బండి లోపలెట్టుకుని తాళమేసేసరికి, దొరికిపోయేనని అర్థమైందండి."

 వీధంతా కొబ్బరి పీచు పడుండే ఊళ్ళో ఆ ముద్ద ఎవరి కంట పడుతుంది? నిక్షేపంలాంటి కార్బురేటరుని ఈశ్వర్రావు ఇన్నేళ్ళూ నోటికొచ్చినట్టు తిట్టాడు. నిన్న దాన్ని పాత ఇనుంలో పడేసి వచ్చాడు.

"ఎందుకయ్యా ఈ పని?"

"తోసినోళ్ళందరూ నా కొట్టుకాడ టీ తాగేవోరండి. ముందు అందుకే పెట్టేనండి. తరవాత్తరవాత..." ఎర్రయ్య ఆగాడు. "అందరూ నన్ను 'టీ' అని పిలుస్తారండి. పేరెట్టి పిలిచేది మీరొక్కరేనండి. అదీ బండి లేవనప్పుడేనండి."

ఈశ్వర్రావుకి వచ్చిన కోపం వచ్చినట్టే చల్లారిపోయింది. భార్య వైపు చూశాడు. ఆమె కాఫీ గ్లాసులు చాలా శ్రద్ధగా ఏరుతోంది. "నాకు ముందే తెలుసండి" అంది మెల్లగా. "నలుగురూ మన గుమ్మంలోకి వస్తున్నారు కదా అని ఊరుకున్నాను."

అందరినీ ఓదార్చి, ఎవరిమీదా కోపం లేదని ఒట్టు వేసి, ఆ ఒట్టు ఎవరూ నమ్మకపోతే ఇంకోసారి కాఫీలు తాగించి బయటపడేసరికి ఎండెక్కిపోయింది. ఈశ్వర్రావు దగ్గరదారని పొలంగట్టు పట్టాడు. పాత కార్బురేటరుతో ఆ గట్టు మీద బండి బుద్ధిగా నడిచేది. కొత్తదానికి నడవడం తెలియదు. ఎక్సలేటరు ఇలా ముట్టుకోగానే అలా ఎగిరి, మనిషితో సహా గట్టు పక్కన నీళ్ళు పారే పంటబోదెలో పడింది. దెబ్బ తగల్లేదు గానీ చక్రాలు బురదలో కూరుకుపోయాయి. ఎంత తన్నినా ఇంజను కదల్లేదు. ఈశ్వర్రావు అలవాటుగా, "ఎర్రయ్యా!" అని కేకేశాడు. చుట్టూ వరిచేలు తప్ప ఎవరూ లేరు. నాన్న తోట కనుచూపు మేరలోనే ఉంది. దాన్ని చూస్తూ ఆ బురదలో నిలబడి అతను నిజంగానే ఏడ్చాడు.

అంతలో బండి వెనకనించి ఎవరో చెయ్యి వేశారు. లోవరాజు. చెప్పులు గట్టుమీద వదిలి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి బోదెలోకి దిగాడు. ఇద్దరూ కలిసి బండిని పైకి లాగారు.

"వీరాయమ్మగారి దగ్గర్నించే వస్తున్నానండి" అన్నాడు లోవరాజు తలెత్తకుండా. "పొద్దున్న మీరు చెయ్యి విసిరింది నన్ను చూసేనని తెలిసిందండి. మీ నాన్నగారు పెట్టిన తోట మీద నేను కన్నెయ్యడం తప్పేనండి. నాకొద్దు, ఈశ్వర్రావుగారికే ఇవ్వండని ఆవిడతో చెప్పేసేను."

నిన్ను చూసి కాదు బాబూ, బండి దూకి అలా అయింది, అని ఈశ్వర్రావు నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే తోట మళ్ళీ లోవరాజుది అవుతుంది. మాట మింగి, అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరూ బండి తోసుకుంటూ వీరాయమ్మగారి గుమ్మంలోకి వచ్చారు.

పూజ ఎప్పుడో అయిపోయింది. ఆవిడ అరుగు మీద కూర్చుని ఈశ్వర్రావుని కిందినుంచి పైదాకా చూసింది. "తోట నీదే నాయనా. కానీ లోవరాజు అంతా చెప్పేడు. తొయ్యడానికొచ్చినోళ్ళని పొమ్మన్నావంట. మీ నాన్న అలాటోడు కాదు. నీ బండి లేచిన చప్పుడు రోజూ నాకిక్కడికి వినపడుద్ది. ఇవేళ వినపళ్ళేదు. రేపు తెల్లారేసరికి ఆ ఢామ్మన్న చప్పుడు వినపడాలి. వినపడితే దింపుకి మనుషుల్ని పంపించు. లేపోతే నీ కోపం నువ్వుంచుకో, నా తోట నేనుంచుకుంటాను."

"ఆయ్, అలాగేనండి పిన్నిగారూ" అన్నాడు ఈశ్వర్రావు.

శనివారం తెల్లారకముందే అతను లేచాడు. ఎర్రయ్య ఇంక జన్మలో పీచు ముట్టనని దేవుడి మీద ప్రమాణం చేసేశాడు. అందుకని ఈశ్వర్రావే పెరట్లో కొబ్బరి డొక్కల పోగు దగ్గరికి వెళ్ళి, మెత్తటి పీచు చూసి పీక్కుని, ఉండ చుట్టి, సైలెన్సర్లో తన చేత్తోనే కుక్కాడు. తరవాత వీధిలోకి వచ్చి నాలుగు కిక్కులు కొట్టి, "ఎర్రయ్యా, ఓ చెయ్యెయ్యవయ్యా!" అని కేకేశాడు. ఎర్రయ్య పరుగెత్తుకొచ్చాడు. లోవరాజు వచ్చాడు. ఆ రోజు రత్నం మాస్టారు నిజంగానే తోశారు, నడుం పట్టేసి వారం రోజులు మంచం దిగలేదు. వంతెన దగ్గర ఢామ్మన్న చప్పుడుకి కాలవ మీద కొంగలు లేచిపోయాయి.

బండిని మళ్ళీ తోస్తున్నారని విని రాంబాబు అమలాపురం నుంచి ఆదరాబాదరా వచ్చాడు. చుట్టూ తిరిగి చూసి, తల గోక్కుని, "ఇంకా పెద్ద కార్బురేటరు వెయ్యాలండి" అన్నాడు.

"ఆయ్, తప్పకుండా వేయిద్దామండి" అన్నాడు ఈశ్వర్రావు. మా వేపు వద్దు అన్న మాటని అలాగే అంటారు.