సమ్మమ్మ కాలు, సర్కారు పని

పొద్దున్నే స్టీలు సామాన్ల కొట్టు తెరిచి, మధ్యాహ్నానికి భార్య అనసూయతో రఘునాథపల్లిలో బంధువుల ఇంటికి భోజనానికి వెళ్లాలని రాజేశ్వర్ రావు అనుకున్నాడు. షట్టర్ సగం లేపాడో లేదో, కొట్టు ముందు మక్కకంకులు కాల్చి అమ్మే సమ్మమ్మ పగిలిన మోరీ బండ మీద కాలు జారి పడింది. మడమ ఓ పక్కకు తిరిగిపోయింది.

"ఆటోల ఎక్కించి దవాఖానకు తీస్కపోదాం నడువున్రి," అంది మేడ మీది నుంచి దిగివచ్చిన అనసూయ.

"మనమెందుకు తీస్కపోవాలె? ఏటా టాక్స్ కడతలేనా? బండ మంచిగ చెయ్యాల్సింది సర్కారు. ఈమెను చూసుకోవాల్సింది గూడ సర్కారే."

"అయ్యా, ఎవరో ఒకలు చూడున్రి. ఈ కాలు మీద నిలవడకుంటే నాకు బువ్వ లేదు," అంది సమ్మమ్మ.

ఆయన ఒళ్లు మండి 108కి ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో అంబులెన్స్ వచ్చేసింది. తిట్టడానికి వీల్లేకుండా అంత తొందరగా రావడం కూడా ఆయనకు నచ్చలేదు.

"కూడ ఎవలొస్తరు సార్? మనిషి లేకుంటే ఆడ ఎవ్వలు చూడరు," అన్నాడు డ్రైవరు.

"ఎట్ల చూడరో నేనూ చూస్త," అంటూ రాజేశ్వర్ రావే ఎక్కి కూర్చున్నాడు.

దవాఖానలో స్ట్రెచర్ ఉంది, తోసేవాడు లేడు. "తెచ్చినోళ్లే నూకాలె," అన్నాడు సెక్యూరిటీ. రాజేశ్వర్ రావు తిడుతూనే తోశాడు. ఎక్స్‌రే గది ముందు గంటసేపు నిలబడ్డాక టెక్నీషియన్ సదానందం తల బయటపెట్టి, "మిషిన్ గరమైంది, జర ఆగున్రి," అన్నాడు. ఆ మిషన్ పక్కనే టిఫిన్ డబ్బా తెరిచి ఉంది.

"నీ పేరేంది? డ్యూటీ ఎన్నింటి సంది? ముసలామె కాలు ఉబ్బి కుండైతాంటే ఉప్మా తింటానవా?" అని రాజేశ్వర్ రావు గద్దించాడు. జేబులోని రసీదు పుస్తకం తీసి పేరు రాసుకున్నాడు, డబ్బాను ఫొటో తీశాడు. ఆ తెల్లచొక్కా, ఆ గొంతు చూసి సదానందం ఆయన్ను తనిఖీకి వచ్చిన అధికారి అనుకున్నాడు. రెండు నిమిషాల్లో మిషన్ చల్లబడింది. కట్టు కట్టే గదికి సెక్యూరిటీయే స్ట్రెచర్ తోసుకెళ్లి, వచ్చి సెల్యూట్ కొట్టాడు.

"నేను స్టీలు కొట్టోన్నయ్యా," అన్నాడు రాజేశ్వర్ రావు.

"తనిఖీకి ఒచ్చినోళ్లు అట్లనే చెప్తరు సార్, తెల్వదా మాకు?"

పెద్దసారు వచ్చాడన్న మాట వరండా అంతా పాకింది. కాగితాలు పట్టుకొని జనం చుట్టుముట్టారు. మొదట కాదు కాదన్నాడు. ఎవరో కుర్చీ వేశారు, ఇంకెవరో చాయ్ తెచ్చారు. ఒకరి కోసం నర్సును గద్దిస్తే పనైంది. ఇంకొకరి కోసం మందుల కిటికీ దగ్గర అరిస్తే మందులొచ్చాయి. దాంతో ఆయనకు కోపం రెట్టింపైంది. ఒక తెల్లచొక్కా అరిస్తే కదిలేవాళ్లు, ఇంతమంది ఏడుస్తుంటే ఎందుకు కదలరు? వీళ్లకు సిగ్గూ శరమూ లేవా? అలా తిట్టుకుంటూ ఇంకో చాయ్ తాగాడు.

రెండింటికి సమ్మమ్మ కాలికి కట్టుతో బయటకు వచ్చింది. నెలన్నరలో లేచి తిరుగుతుందన్నారు. అప్పుడే అనసూయ ఫోన్ చేసింది. "జల్ది రాన్రి, ఆడ అందరు మనకోసమే కూసున్నరు."

ఆయన కుర్చీలోంచి లేచాడు. వరుసలో చివరన మిగిలిన యాకమ్మ చీటీ చాపింది. "సారూ, మా ఆయినను మూడు దినాల సంది వరండల్నే పండవెట్టిన్రు. జరమొచ్చి వణుకుతాండు. ఒక్క మంచం ఇప్పియ్యున్రి."

రాజేశ్వర్ రావు గడియారం చూసుకున్నాడు.

"ఇయ్యాల టైమైపోయిందమ్మా. రేపు రా."

"రేపు మీరు ఒస్తరా అయ్యా?" అని సమ్మమ్మ అడిగింది. ఆయన ఆటోను పిలిచే పనిలో పడ్డాడు.

యాకమ్మ మాత్రం దండం పెట్టి వెళ్లి భర్త పక్కన కూర్చుంది. ఈ మూడు రోజుల్లో 'రేపు రా' అన్న మాటను అంత మర్యాదగా చెప్పిన సారు ఆయనొక్కడే.